ఇంటి ముచ్చట్లు, చూసిన సినిమా: ఆదివారం మెసేజ్ మంచిగా రాసే పద్ధతి

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ ఏ ఇల్లు తీసుకున్నా సగం మంది ఊళ్ళో ఉండరు. ఒకరు ఎల్బీనగర్‌లో, ఒకరు పుణెలో, ఇంకొకరు డాలస్‌లో, మేనత్త మిర్యాలగూడలో. అందరికీ కలిపి ఒక వాట్సాప్ గ్రూపు ఉంటుంది. పొద్దున దేవుడి ఫోటోలు, రాత్రి గుడ్‌నైట్‌లు, మధ్యలో ఎవరో ఒకరు "ఏం సంగతులు?" అంటారు, "ఏం లేవు, అంతా మంచిదే" అని జవాబు. "సినిమాకు పోయిండ్రంట గదా, ఎట్లుంది?" అంటే "పర్లేదు, ఒకసారి చూడొచ్చు". అడిగినవాళ్ళకు ఏం తెలిసింది? ఏమీ తెలియలేదు.

వారానికి ఒక్క మెసేజ్, అందులో నాలుగు ఇంటి సంగతులు, చూసిన సినిమా గురించి మీ మాట, అంతా కలిపి ఫోన్‌లో రెండు స్క్రీన్లు దాటకుండా రాయడం ఎట్లాగో ఇక్కడ చెప్తాను. నా లెక్కలో ఇంటి ముచ్చట, సినిమా ముచ్చట వేరువేరు కావు. ఎవరితో, ఎక్కడ, ఎంత అలసిపోయి చూశారో చెప్పకుండా సినిమా ఎట్లుందో చెప్తే అది సగం మాటే.

1. ముందు ఒక్క మనిషిని అనుకోండి

గ్రూపులో ముప్పై మంది ఉన్నా ముప్పై మందికి రాయొద్దు. పుణెలో ఉండే తమ్ముణ్ణి అనుకుంటే పొలం సంగతి, దోస్తుల సంగతి, ఏ సినిమాకు టికెట్ పెట్టొచ్చు అన్న సంగతి వాటంతట అవే వస్తాయి. మిర్యాలగూడ అత్తమ్మను అనుకుంటే పిల్లల చదువు, బీపీ మాత్రలు, "టీవీలో ఎప్పుడొస్తది" అన్నది వస్తుంది. మిగతావాళ్ళూ చదువుతారు, ఒకరికి చెప్పే మాటను పక్కన కూర్చొని వినడం మనవాళ్ళకు కొత్తేం కాదు కదా.

2. వారం మధ్యలోనే ఒక్కో మాట రాసిపెట్టుకోండి

ఆదివారం సాయంత్రం చాయ్ పట్టుకొని కూర్చొని "ఈ వారం ఏం జరిగింది" అని ఆలోచిస్తే బుర్రలో ఏమీ తట్టదు. దీనికి యాప్ అక్కర్లేదు, వంటింటి గోడకు వేలాడే క్యాలెండర్ చాలు. తిథి, వర్జ్యం రాసి ఉన్న గడిలోనే పాలు పోయని రోజు అడ్డగీత పెడతారు, సిలిండర్ మార్చిన రోజు "గ్యాస్" అని రాస్తారు, చీటీ పాట ఎప్పుడో కూడా అందులోనే ఉంటుంది. అదే గడిలో ఇంకొక్క మాట రాయండి: "మోటారు", "పన్ను", "బత్తాయి". మోటారు అని చూడగానే బోరు మోటారు కాలిన రాత్రి, వైండింగ్ కొట్టేతను రేపు రేపు అని తిప్పించుకోవడం, పక్కింటివాళ్ళు పైపు వేసి నీళ్ళు ఇవ్వడం అన్నీ గుర్తొస్తాయి. పన్ను అంటే చిన్నోడికి ముందు పన్ను ఊడి ఇంటి మీదికి విసిరిన ముచ్చట. బత్తాయి అంటే తోట దగ్గరికి వచ్చిన బేరగాడు ఎంతకు అడిగాడు, నాయిన ఎందుకు ఇయ్యలేదు అన్నది. ఒక్క మాట రాస్తే చాలు, మొత్తం రాయడం మొదలుపెడితే మంగళవారానికే మానేస్తారు.

సినిమాకు కూడా ఇట్లాంటి గుర్తే, కానీ హాల్లో ఫోన్ తీయొద్దు, వెనక సీటువాళ్ళ కళ్ళలో వెలుగు పడుతుంది. ఇంటర్వెల్ ఉంది కదా. సమోసా కోసం లైన్లో నిలబడ్డప్పుడు రెండు ముక్కలు టైప్ చేయండి: ఇప్పటిదాకా ఏది నచ్చింది, ఇక ఏం జరుగుతుందని అనుకుంటున్నారు. ఇది చాలా పనికొస్తుంది. మన సినిమాలు ఇంటర్వెల్ దగ్గర ఒక దెబ్బ కొట్టి వదులుతాయి, చివర్లో ఇంకో దెబ్బ, బయటికి వచ్చేసరికి చివరి ఇరవై నిమిషాలే మొత్తం సినిమా అన్నట్టు అనిపిస్తుంది. మొదటి గంటలో మీరు ఎన్నిసార్లు టైం చూసుకున్నారో ఇంటర్వెల్‌లో రాసిన ముక్కే గుర్తు చేస్తుంది.

3. ఇంటి సంగతుల్లో ఏది ఉండాలి, ఏది ఉండొద్దు

వార్తల్లో వచ్చేది మీరు రాయనక్కర్లేదు. సాగర్‌లో 26 గేట్లూ ఎత్తారని టీవీ చెప్తుంది. మీరు చెప్పాల్సింది బండి మీద బ్రిడ్జి దాటుతుంటే తుంపర కొట్టి కళ్ళద్దాలు తడిసి ఆగాల్సి వచ్చిన సంగతి, అక్కడ తిన్న చేపల వేపుడులో ఉప్పు ఎక్కువైన సంగతి. కురుమూర్తి జాతరకు జనం మస్తుగా వచ్చారని పేపర్లో ఉంటుంది, మీ నాయనమ్మ ఈసారి కూడా గుట్ట ఎక్కిందా లేదా అన్నది పేపర్లో ఉండదు.

ఇంకా తేలని విషయాలను వదిలిపెట్టొద్దు, నిజానికి చదివేవాళ్ళను పట్టి ఉంచేవి అవే. "వాన పడ్డది" అంటే అక్కడితో అయిపోయింది. "మొన్న రాత్రి వానకు పత్తి గింజ పెడదామని నాయిన అంటున్నాడు, ఇంకో వాన చూద్దామని అమ్మ అంటుంది, రెండు రోజుల నుంచి ఇంట్లో ఇదే పంచాయితీ" అని రాయండి, పుణెలో ఉన్న తమ్ముడు బుధవారం తనంతట తానే ఫోన్ చేసి ఏమైందని అడుగుతాడు.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. ఆడపిల్లకు సంబంధం మాట నడుస్తుంటే తాంబూలాలు మార్చుకునేదాకా గ్రూపులో ఎత్తొద్దు. వేరేవాళ్ళ రిపోర్టులు, స్కానింగ్‌లు వాళ్ళే చెప్పుకోవాలి. ఎవరికి ఎంత అప్పు ఇచ్చారో అసలే వద్దు. ఇంటికి తాళం పెట్టి తిరుపతి పోతున్న సంగతి తిరిగి వచ్చాక రాయండి, ముందు కాదు, గ్రూపులోని మెసేజ్ ఏ గ్రూపుకు ఫార్వర్డ్ అవుతుందో ఎవరి చేతిలోనూ లేదు.

4. సినిమా గురించి మొదటి వాక్యం: ఎక్కడ, ఎవరితో, ఏ ఆట

దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. పెద్ద హీరో సినిమా మొదటి రోజు మొదటి ఆట చూసినవాళ్ళు సినిమాను సగమే చూస్తారు, మిగతా సగం జనాన్ని చూస్తారు. కాగితాలు ఎగురుతుంటాయి, ఈలలకు డైలాగు వినబడదు, హీరో చెప్పు కనబడ్డా కేకలే. అది కూడా ఒక అనుభవమే, నేను కాదనను, ఆ గోల కోసమే పోయేవాళ్ళు ఉన్నారు. కానీ "డైలాగులు సగం వినబడలేదు, హాలు మాత్రం ఊగిపోయింది" అని రాస్తే చదివినవాళ్ళు తమకు కావాల్సింది తాము తీసుకుంటారు.

ఊళ్ళో సింగిల్ స్క్రీన్‌లో బాల్కనీ నుంచి చూడటం ఒకటి, హైదరాబాద్ మల్టీప్లెక్స్‌లో చూడటం ఇంకొకటి, ఇంట్లో టీవీలో చూస్తుండగా కరెంటు పోవడం, మధ్యలో కుక్కర్ మూడు విజిల్స్ వచ్చాయని లేచిపోవడం వేరే లోకం. ఓటీటీలో మూడు ముక్కలుగా, మూడు రాత్రుల్లో చూసిన సినిమాను "ల్యాగ్ ఉంది" అనడం న్యాయం కాదు. ముక్కలుగా చూశామని ఒక మాట చెప్పేయండి, సరిపోతుంది.

హాలు పేరు రాసి ఏసీ పని చేయలేదని, సౌండ్ బాగాలేదని తిట్టడం మాత్రం వద్దు. అది సినిమా సంగతి కాదు, పైగా మన ఊళ్ళలో ఆ మేనేజర్ మీ బావగారి దోస్తు అయి ఉండే అవకాశం బాగానే ఉంటుంది.

5. అసలు అభిప్రాయం: ఒక్క సీన్‌ను దగ్గరగా పట్టుకోండి

"ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ కొంచెం ల్యాగ్, మ్యూజిక్ ప్లస్, హీరో వన్‌మ్యాన్ షో." ఈ వాక్యాన్ని ఏ సినిమా కింద పెట్టినా అతుకుతుంది, అందుకే అది ఏ సినిమా గురించీ కాదు. యూట్యూబ్‌లో విన్నది నోట్లో నుంచి బయటికి వస్తుంది అంతే. వేరే లెవెల్, గూస్‌బంప్స్, బ్లాక్‌బస్టర్, వన్ టైమ్ వాచబుల్, ఈ నాలుగూ పక్కన పెట్టి రాయడానికి కూర్చోండి, అప్పుడు తెలుస్తుంది మీకు నిజంగా ఏం నచ్చిందో.

ఉపాయం ఏమిటంటే సినిమా మొత్తాన్ని కొలవొద్దు, ఒక్క సీన్ తీసుకోండి. బలగం సంగతే చూడండి. 2023లో వచ్చింది, వేణు యెల్దండికి దర్శకుడిగా మొదటి సినిమా, పెద్దగా హడావుడి లేకుండా వచ్చి ఊళ్ళల్లో తెరలు కట్టి మరీ చూసేదాకా పోయింది. "ఏడిపించేసింది" అని లక్ష మంది రాశారు. ఎందుకు ఏడ్చారు? ఆ ఇంట్లో పగ పుట్టింది ఆస్తి దగ్గర కాదు, దావత్‌లో నల్లిబొక్క (మూలుగ ఎముక) దగ్గర. బావ ప్లేట్లో పడలేదని మొదలైన మాట ఏళ్ళ తరబడి ఆడబిడ్డను పుట్టింటికి రాకుండా చేసింది. మన ఇళ్ళల్లో బోనాలకో పెళ్ళికో కూర వడ్డించేటప్పుడు ఎవరికి ఏ ముక్క పడిందో చూసే కళ్ళు ఎన్ని ఉంటాయో మనకు తెలుసు. ఆ నల్లిబొక్క గురించి రెండు వాక్యాలు రాస్తే, సినిమా చూడనివాడికి కూడా అది ఎట్లాంటి సినిమానో అర్థమవుతుంది. రేటింగ్ ఇవ్వనక్కర్లేదు.

నచ్చకపోయినా ఇదే దారి. "బోర్" అని వదిలేయకుండా ఎక్కడి నుంచి ఎక్కడిదాకా బోర్ కొట్టిందో చెప్పండి: "హీరో ఊరు విడిచి పోయిన దగ్గర నుంచి విలన్ కొడుకు పెళ్ళి దాకా నేను వాట్సాప్ చూస్తూ కూర్చున్నా." ఇట్లా చెప్తే కోపం రాదు, వాదనకు కూడా ఏదో ఒకటి దొరుకుతుంది.

యాస గురించి ఒక మాట. తెలంగాణ యాస సినిమాల్లో ఇప్పుడు బాగా వస్తోంది, మంచిదే, కానీ సిరిసిల్లలో మాట్లాడినట్టు దేవరకొండలో మాట్లాడరు, నారాయణపేట వైపు పోతే కన్నడం వాసన తగులుతుంది. కథ ఏ ఊళ్ళో నడుస్తుందో చూసి అప్పుడు తీర్పు చెప్పండి. "మన లెక్క మాట్లాడలే" అని ప్రతిసారీ అనడం కూడా తప్పే.

పాత సినిమాలు ఇంట్లో పెద్దవాళ్ళతో చూస్తే మీ అభిప్రాయం పక్కన పెట్టి వాళ్ళన్న మాట రాయండి. 1979లో గౌతమ్ ఘోష్ తీసిన మా భూమి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద వచ్చింది, నల్లగొండ, సూర్యాపేట వైపు ముసలివాళ్ళకు అది చరిత్ర పుస్తకం కాదు, అమ్మమ్మ నోట విన్న దొరల గడీల ముచ్చట. అందులో గద్దర్ గొంగడి వేసుకొని బండెనక బండి కట్టి పాడుతుంటే తాతలు ఏం గుర్తు చేసుకున్నారో అది మీరు రాయకపోతే ఇంకెక్కడా దొరకదు. కెమెరా ఎట్లుంది, ప్రింటు ఎట్లుంది అన్నవి ఇంకెవరైనా రాస్తారు.

కలెక్షన్ల జోలికి పోకండి. నైజాంలో (సినిమా లెక్కల్లో తెలంగాణ) ఇంత, సీడెడ్‌లో (రాయలసీమ) ఇంత అని పోస్టర్లు తిరుగుతుంటాయి. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ సినిమా లెక్కల్లో నైజాం కిందికే వస్తాయి, దాంతో మనకేదో వాటా ఉన్నట్టు కొట్టుకుంటాం. గ్రాస్ అంటే టికెట్ల మీద వచ్చిన మొత్తం డబ్బు, షేర్ అంటే పన్నులు, హాలు ఖర్చు పోగా డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది, రెండింటికీ చాలా తేడా. పోస్టర్ మీద ఏది పెద్దగా కనబడుతుందో అదే వేస్తారు. మీ అత్తమ్మకు ఇవేవీ అక్కర్లేదు.

6. కథ ఎక్కడిదాకా చెప్పొచ్చు

ట్రైలర్‌లో ఉన్నదంతా చెప్పొచ్చు. అది దాటితే ఇంటర్వెల్ లోపల ఆగండి. బలగంలో చనిపోయిన తాతకు పెట్టిన ముద్దను పిట్ట ముట్టడం లేదని ఊరంతా టెన్షన్ పడటం దాకా చెప్పొచ్చు, చివరికి ఏమైందో వద్దు. ఎవరైనా "చివర్లో చస్తాడా?" అని అడిగితే విడిగా చెప్పండి, గ్రూపులో కాదు.

7. పిల్లలను తీసుకుపోవచ్చా, ఆగొచ్చా

నిజం చెప్పాలంటే మీ మెసేజ్ చదివేవాళ్ళలో ఎక్కువ మందికి కావాల్సింది ఈ రెండు ప్రశ్నలకు జవాబే. సినిమా మొదలయ్యే ముందు సెన్సార్ సర్టిఫికెట్ పడుతుంది, ఒక్క క్షణం దాన్ని చూడండి. నిడివి అందులోనే ఉంటుంది. 2024 నుంచి యూఏను మూడుగా విడదీశారు: 7 దాటినవాళ్ళకు, 13 దాటినవాళ్ళకు, 16 దాటినవాళ్ళకు. యూఏ అంటే ఆ వయసు లోపు పిల్లలను తీసుకుపోవాలా వద్దా అన్నది తల్లిదండ్రుల ఇష్టం, ఏ అంటే 18 లోపు వాళ్ళను లోపలికి పంపరు. కానీ సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు. "నరకడం ఎక్కువ, చిన్నది కళ్ళు మూసుకుంది" అని మీరు రాసే వాక్యం దానికంటే ఎక్కువ పనికొస్తుంది.

రెండోది, థియేటర్లోనే చూడాలా, ఓటీటీ దాకా ఆగొచ్చా అన్నది. చాలా తెలుగు సినిమాలు నెల, నెలన్నరలో ఇంట్లోకి వచ్చేస్తున్నాయి. నలుగురున్న ఇల్లు నకిరేకల్ నుంచి నల్లగొండ వచ్చి చూడాలంటే టికెట్లు, పెట్రోలు, పాప్‌కార్న్ కలిపి చిన్న బడ్జెట్టే అవుతుంది. కాబట్టి తేల్చి చెప్పండి. పెద్ద తెర, సౌండ్ ఉంటేనే నిలబడే సినిమానా, లేక మాటల మీద నడిచే సినిమానా? మాటల మీద నడిచేదైతే ఇంట్లో కూడా బాగానే ఉంటుంది.

8. అన్నీ కలిపితే ఇట్లా ఉంటుంది

"తమ్మీ, ఈ వారం ముచ్చట. మోటారు మళ్ళ కాలింది, వైండింగ్‌కు ఇచ్చినం, అప్పటిదాకా పక్కింటి పైపే గతి. పత్తి గింజల పంచాయితీ ఇంకా తెగలేదు, నాయిన మాత్రం గింజలు తెచ్చి అటకెక్కించిండు. చిన్నోడు కింది పన్ను ఊడితే పైకి విసరమంటే కిందపడేసి వెతుక్కుంటా ఏడ్చిండు. శనివారం రాత్రి టీవీల మల్లేశం పెట్టినం, 2019ల వచ్చింది, నువ్వు చూసినవో లేదో. అమ్మ, నేను, పక్కింటి అవ్వ. ఆ అవ్వ పోచంపల్లి పక్క నుంచి వచ్చింది, చిన్నప్పుడు ఆసు పోసిందట, అదే చీర నేసే ముందు చేత్తోని నూలు చుట్టే పని. ఆసు సీన్ రాంగనే లేచి టీవీ ముందల నిలబడ్డది, చెయ్యి ఎట్ల తిప్పుతున్నరో చూడనీకి. సినిమాల అమ్మ భుజం నొప్పి అని కూలబడితే ఈమె తన భుజం పట్టుకుంది. ప్రియదర్శి మంచిగ చేసిండు, ఝాన్సీ ఇంకా మంచిగ చేసింది. హైదరాబాద్ పోయిన కాడ కొంచెం సాగదీసిండ్రు. పిల్లలతో కూర్చొని చూడొచ్చు, భయం లేదు. నీ రూములో ప్రొజెక్టర్ ఉందన్నవ్ గదా, దీనికి అక్కర్లేదు, ఫోన్ల చూసినా సరిపోతది. గింజలు ఇప్పుడు పెట్టాలంటవా, ఆగాలంటవా?"

చూడండి, ఇందులో సినిమా అసలు కథ ఎక్కువ లేదు. ఆలేరు దగ్గరి శారాజీపేట చింతకింది మల్లేశం అమ్మ పడే బాధ చూడలేక ఆసు యంత్రం కనిపెట్టాడని, దానికి అమ్మ పేరే పెట్టి లక్ష్మీ ఆసు యంత్రం అన్నాడని, 2017లో పద్మశ్రీ వచ్చిందని మన వైపు చాలామందికి తెలుసు. తెలియని డాలస్ పిల్లలు గ్రూపులో ఉంటే ఒక్క వాక్యం కలపండి: ఒక చీరకు తొమ్మిది వేల సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాల్సిన పనిని యంత్రం చేసి పెట్టిందని. చివర్లో ప్రశ్న పెట్టడం మర్చిపోవద్దు. ప్రశ్న లేని మెసేజ్‌కు బొటనవేలు బొమ్మ వస్తుంది, ప్రశ్న ఉంటే జవాబు వస్తుంది.

వాయిస్ మెసేజ్ పంపొచ్చా అంటే, అమ్మమ్మలకు అదే మంచిది. నిమిషం దాటితే మిగతావాళ్ళు వినరు.

9. పంపిన తర్వాత

ఫలానా హీరో అభిమాని అయిన బావ ఒకరు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆయన సినిమా నచ్చలేదని రాస్తే పంచాయితీ తప్పదు. హీరోను, సినిమాను విడదీసి రాయండి: "ఆయన డ్యాన్స్‌కు పేరు పెట్టేది లేదు బావా, కథే ఆయనకు ఏమీ ఇవ్వలేదు." అయినా బావ ఒప్పుకోడు, కానీ పండుగకు ఇంటికి వస్తాడు. ఆయన మీమ్‌లు పంపితే జవాబివ్వకండి, ఎవరో ఒకరు పాత గుడ్ మార్నింగ్ ఫోటో పెట్టి కిందికి నెట్టేస్తారు.

హాల్లో తెర మీద టైటిల్ పడేటప్పుడు వీడియో తీసి స్టేటస్ పెట్టే అలవాటు ఉంటే మానుకోండి. కాపీ చేయడానికి హాల్లో రికార్డు చేస్తే 2023 సవరణ చట్టం ప్రకారం కనీసం 3 నెలల జైలు, 3 లక్షల జరిమానా ఉన్నాయి. మీకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, అది పక్క సీటువాడికి, గేటు దగ్గరి మనిషికి ఎట్లా తెలుస్తుంది? టికెట్ ఫోటో పెట్టండి, క్యూఆర్ కోడ్ మీద వేలు పెట్టి. ఇక పైరసీ లింకు ఎవరైనా అడిగితే "లేదు, నెల ఆగు" అని రాయండి, ఆ నెలలోపు ఓటీటీలో వస్తే వాళ్ళకు మళ్ళీ చెప్పండి, ఎందుకంటే వాళ్ళు ఎట్లాగూ మీ మెసేజ్ వెతుక్కుంటూ పైకి పోరు.